ధాన్యం సరఫరా గొలుసులో రవాణా, కూలీల కొరత: 2020 యాసంగి అనుభవం

వ్యవసాయ ఉత్పత్తుల సరఫరా గొలుసును పరిశీలించేటప్పుడు రవాణా కొరతను, కూలీల కొరతను వేర్వేరు సమస్యలుగా పరిగణించడం పరిపాటి. ఆచరణలో ఒకటి రెండవదానికి కారణమవుతుంది. సరుకు దించే మనుషులు లేనప్పుడు లారీ ఉన్నా లేనట్లే. కొవిడ్-19 లాక్‌డౌన్ కాలంలో తెలంగాణలో జరిగిన యాసంగి ధాన్యం సేకరణ ఈ సంబంధాన్ని స్పష్టంగా చూపింది.

హమాలీల కొరత

తెలంగాణలోని బియ్యం మిల్లులలో ఎగుమతి, దిగుమతి పనులు చాలావరకు బీహార్ నుంచి వచ్చే హమాలీలపై ఆధారపడి ఉంటాయి. 2020 మార్చి రెండవ వారంలో హోళీ పండుగకు స్వగ్రామాలకు వెళ్లినవారు, మార్చి 25న లాక్‌డౌన్ ప్రారంభం కావడంతో తిరిగి రాలేకపోయారు. అదే సమయంలో యాసంగి వరి కోతకు వచ్చింది. ఆ సీజన్‌లో రాష్ట్రంలో 60 లక్షల టన్నులకు పైగా ధాన్యాన్ని సేకరించవలసి వచ్చింది.

కేంద్ర ప్రభుత్వం మార్చి నెలాఖరులోనే వ్యవసాయ పనులకు, ధాన్యం సేకరణకు, కోత యంత్రాల అంతర్రాష్ట్ర రాకపోకలకు మినహాయింపు ఇచ్చింది. అయితే అనుమతి లభించినంత మాత్రాన మనుషులు అందుబాటులోకి రాలేదు. మే 1న లింగంపల్లి స్టేషన్ నుంచి సుమారు 1,200 మంది వలస కార్మికులతో తొలి శ్రామిక్ రైలు జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. వారం రోజులకు బీహార్‌లోని ఖగడియా నుంచి రెండు వందలకు పైగా కార్మికులు మిల్లు పనుల కోసం ప్రత్యేక రైలులో అదే స్టేషన్‌కు చేరుకున్నారు. ఒక రంగంలో పని కోల్పోయిన కార్మికుడు మరొక రంగంలోని లోటును వెంటనే పూరించలేడు. బస్తాను వీపున మోసి, ఎత్తైన నిట్టుగా పేర్చడం అలవాటుతో, ముఠాగా చేసే పని.

లారీల కొరత ఏర్పడే విధానం

ఒక లారీ 25 టన్నుల ధాన్యాన్ని మోస్తుందనుకుంటే, 40 కిలోల చొప్పున అది 625 బస్తాలవుతుంది. ప్రతి బస్తాను కొనుగోలు కేంద్రంలో ఒకసారి ఎత్తాలి, మిల్లులో మరొకసారి దించాలి. సాధారణంగా రోజుకు ఒక తిప్ప పూర్తిచేసే లారీ, మిల్లు ముందు రెండు రోజులు నిలిచిపోతే మూడు రోజులకు ఒక తిప్ప మాత్రమే తిరుగుతుంది. అప్పుడు అంతే సరుకును తరలించడానికి మూడు రెట్లు లారీలు అవసరమవుతాయి. లారీల సంఖ్య తగ్గకపోయినా కొరత ఏర్పడే విధానం ఇదే.

దీనికి సంచుల సమస్య తోడయింది. పశ్చిమ బెంగాల్‌లోని జనపనార మిల్లులు మూతపడటంతో కొత్త గోనె సంచుల సరఫరా తగ్గి, వాడిన సంచులను, ప్లాస్టిక్ సంచులను ఆశ్రయించవలసి వచ్చింది.

రైతుపై, ఆర్థిక వ్యవస్థపై ప్రభావం

మిల్లు వద్ద మొదలైన ఆలస్యం వెనుకకు పాకి చివరకు రైతు కల్లానికి చేరుతుంది. లారీ రానిదే కొనుగోలు కేంద్రం ఖాళీ కాదు, కేంద్రం ఖాళీ కానిదే కాంటా సాగదు. కోత యంత్రంతో కోసిన ధాన్యంలో తేమ ఎక్కువగా ఉంటుంది. దానిని నిర్ణీత 17 శాతానికి ఆరబెట్టిన తరువాత కూడా అకాల వర్షం కురిస్తే ఆ శ్రమ వృథా అవుతుంది. రోజులు గడిచేకొద్దీ రైతు బేరమాడే శక్తి తగ్గి, తరుగు పేరిట విధించే కోతకు అంగీకరించవలసి వస్తుంది.

నగదు ప్రవాహం కూడా దించుడుతోనే ముడిపడి ఉంది. సరుకు ముట్టినట్లు మిల్లరు ధ్రువీకరించిన తరువాతనే చెల్లింపు ముందుకు సాగుతుంది. ఆ ఏడాది 'ఎ' గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 1,835 రూపాయలు. అంటే వంద క్వింటాళ్ల రైతుకు 1,83,500 రూపాయలు నిలిచిపోతాయి. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి లక్ష రూపాయలు అప్పు తెచ్చిన రైతుకు పదిహేను రోజుల ఆలస్యం వెయ్యి రూపాయల భారం. ఎరువుల దుకాణం బాకీ, వానాకాలం విత్తనాల కొనుగోలు, స్థానిక వ్యాపారం అన్నీ ఈ చెల్లింపు కోసం ఎదురుచూస్తాయి.

విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసిన అంశాలు

వరి కోత దాదాపు పూర్తిగా యాంత్రీకరణ చెందింది. వారాల తరబడి సాగే కోత, నూర్పిడి ఇప్పుడు కొద్ది రోజులలో ముగిసి, ఊరి ధాన్యమంతా ఒకేసారి కేంద్రానికి చేరుతుంది. ఎత్తుడు, దించుడు మాత్రం నేటికీ మనిషి వీపు మీదనే సాగుతున్నాయి. గొలుసులో ఒక దశను వేగవంతం చేసి తరువాతి దశను అలాగే వదిలివేస్తే ఒత్తిడి అక్కడ పేరుకుంటుంది.

కనుక ఈ క్రింది చర్యలు ప్రయోజనకరం:

• గ్రామంలో స్వల్పకాలిక, మధ్యకాలిక రకాలను కలిపి ప్రోత్సహించి, నాట్లను దశలవారీగా వేయించి, కోతలు ఒకే వారంలో పడకుండా చూడటం.

• కోతకు ముందే టోకెన్లు జారీ చేసి, కేంద్రం తూకం సామర్థ్యంతో పాటు మిల్లు దించుకునే సామర్థ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవడం.

• ఆరబెట్టే కల్లాలు, టార్పాలిన్లు, తేమ కొలిచే పరికరాలను గ్రామస్థాయిలో అందుబాటులో ఉంచడం.

• మిల్లులలో కన్వేయర్లను, విడి ధాన్యాన్ని నేరుగా దించుకునే ఏర్పాట్లను ప్రోత్సహించడం; స్థానిక యువతను హమాలీ ముఠాలుగా సంఘటితపరచడం.

• వలస హమాలీలకు వసతి, వైద్యం, బీమా కల్పించడం. పండుగకు వెళ్లినవారు తిరిగి రావాలంటే ఇక్కడి పని గౌరవప్రదంగా ఉండాలి.

ధాన్యం దిగుబడిని ఎకరాకు ఎన్ని క్వింటాళ్లని లెక్కించడం అలవాటే. ఆ క్వింటాళ్లు కల్లం నుంచి మిల్లుకు ఎన్ని రోజులలో చేరాయో, రైతు చేతికి సొమ్ము ఎన్ని రోజులలో అందిందో కూడా నమోదు చేసినప్పుడే సాగు లాభనష్టాల లెక్క పూర్తవుతుంది.