కదలని బంతి, కుదురులేని మనసు

క్రికెట్‌లో బంతి మీదికి దూసుకొస్తుంది. కబడ్డీలో అవతలివాళ్లు కాలు పట్టి లాగుతారు. గోల్ఫ్‌లో బంతి గడ్డి మీద బుద్ధిగా కూర్చుంటుంది, అడ్డుపడేవారూ ఉండరు. అయినా నాలుగడుగుల దూరంలోని హోల్‌లోకి దాన్ని పంపాలంటే ఏళ్ల తరబడి ఆడినవారికీ చేతులు బిగుసుకుపోతాయి.

బంతి కదలనప్పుడు భయం ఎందుకు?

తీరిక ఎక్కువ కాబట్టి. 18 హోల్స్ ఆడటానికి నాలుగు గంటలైనా పడుతుంది. ఒక్క స్వింగ్‌కు పట్టేది సెకనున్నర. 72 దెబ్బలు వేసుకున్నా అసలు ఆట రెండు నిమిషాలు దాటదు. మిగతాదంతా నడక, ఎదురుచూపు. ఆ ఖాళీలో పోయిన హోల్‌లో చేసిన తప్పు ఒకవైపు, రాబోయే హోల్ పక్కనున్న చెరువు ఇంకోవైపు మనసును లాగుతుంటాయి.

ముందంజలో ఉన్నవారికీ ఇది తప్పదు. 2011 మాస్టర్స్ టోర్నీలో గోల్ఫర్ రోరీ మెకిల్‌రాయ్ నాలుగు స్ట్రోక్‌ల ఆధిక్యంతో చివరి రోజు మొదలుపెట్టి, 80 కొట్టి ఓడిపోయాడు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన అదితి అశోక్ ఏడు స్ట్రోక్‌లు ముందుండి, ఆఖరి రౌండ్‌లో 77 కొట్టి రజతంతో సరిపెట్టుకుంది. వాళ్ల మనసులో ఏముందో వాళ్లకే తెలియాలి. నేర్చిన ఆట మాత్రం రాత్రికి రాత్రి ఎగిరిపోదు.

వచ్చిన విద్యే ఎందుకు తడబడుతుంది?

బ్యాంకులో గుమస్తా చూస్తుండగా సంతకం పెట్టి చూడండి. రోజూ పెట్టేదే అయినా, పాత సంతకంతో కలవాలని ఒక్కో అక్షరం జాగ్రత్తగా దిద్దేసరికి వంకర పోతుంది. చేతికి వదిలేసిన పనిని మళ్లీ బుర్ర లాక్కోవడం వల్ల వచ్చే చిక్కు అది.

2002లో వెలువడిన ఒక పరిశోధనలో ఆరితేరిన గోల్ఫర్ల చేత పట్‌లు, అంటే బంతిని హోల్‌లోకి దొర్లించే చిన్న దెబ్బలు, కొట్టించారు. ఒకసారి తమ స్వింగ్‌నే గమనించమన్నారు. ఇంకోసారి టేపులో వినిపించే శబ్దాల్లో ఒకదాన్ని గుర్తుపట్టమన్నారు. స్వింగ్ మీద నిఘా పెట్టినప్పుడే గురి తగ్గింది. మోచేయి, మణికట్టు లెక్కలన్నీ ప్రాక్టీసు వేళకే ఉంచుకోవాలి.

మరి ఏకాగ్రత ఎలా?

నాలుగు గంటలు ఏకబిగిన ఎవరివల్లా కాదు. దీపం స్విచ్‌లా వేయడం, ఆపడం నేర్చుకోవాలి. గోల్ఫ్ దిగ్గజం అనికా సోరెన్‌స్టామ్‌కు కోచ్‌గా ఉన్న పియా నిల్సన్, లిన్ మారియట్‌తో కలిసి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది: బంతి వెనక ఒక గీత ఉందనుకోండి. గాలి, వాలు, ఏ క్లబ్ వాడాలి వంటి ఆలోచనలన్నీ గీతకు ఇవతలే తేల్చుకోవాలి. దాటాక ఆలోచన లేదు, ఆటే. సందేహం వస్తే వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టాలి. కొట్టాక చెట్లు చూడండి, తోటివారితో కబుర్లాడండి.

పట్ కొట్టేటప్పుడు చూపుకూ ఒక పని అప్పజెప్పాలి. కెనడా పరిశోధకురాలు జోన్ విక్కర్స్ దీనికి ‘క్వయెట్ ఐ’ అని పేరు పెట్టారు. మంచి ఆటగాళ్ల చూపు బంతి మీద ఒకేచోట రెండు మూడు సెకన్లు నిలుస్తుంది, బంతి కదిలాక కూడా క్షణంపాటు అక్కడే ఉంటుంది. బంతి మీద ఒక చిన్న గుంటను ఎంచుకుని దాన్నే చూడండి. బంతి పడిందో లేదో చెవితో వినండి.

నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

ముందు లెక్క సరిచూసుకోవాలి. ఎనిమిదడుగుల పట్‌లలో అమెరికా పీజీఏ టూర్ ఆటగాళ్లు వేయగలిగేది దాదాపు సగమే. అది తెలియక, తప్పిన ప్రతి పట్‌కూ తనను తాను తిట్టుకునేవాడికి నమ్మకం ఎలా నిలుస్తుంది?

ఆ తర్వాత సాక్ష్యం పోగేసుకోవాలి. హోల్ చుట్టూ మూడడుగుల దూరంలో ఆరు బంతులు పెట్టి వరసగా వేయండి. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటి నుంచి. అయిదు పడ్డాక ఆరోదాని ముందు గుండె కొట్టుకుంటుంది చూడండి, ఆ దడకు అలవాటు పడటమే ఈ సాధన ఫలం. నమ్మకమంటే దడ లేకపోవడం కాదు, దడలోనూ చేయాల్సిన పని గుర్తుండటం.

తప్పు జరిగిపోతే?

మళ్లీ మెకిల్‌రాయ్ దగ్గరికే వద్దాం. 2025 ఏప్రిల్, మాస్టర్స్ జరిగే అదే అగస్టా. 18వ గ్రీన్‌పై అయిదడుగుల పట్ వేస్తే మాస్టర్స్ అతనిదే. తప్పింది. జస్టిన్ రోజ్‌తో ప్లేఆఫ్. మళ్లీ మొదటి దెబ్బ కొట్టే టీ దగ్గరికి వెళ్తుంటే, అతని సంచి మోసే క్యాడీ హ్యారీ డైమండ్ ఒక్క మాట గుర్తుచేశాడు: సోమవారం పొద్దున ఈ అవకాశం ఇస్తామంటే కళ్లకద్దుకునేవాళ్లం కదా అని. పోయినదాని మీద నుంచి చూపు చేతిలో ఉన్నదాని మీదికి మళ్లింది. అదే హోల్‌లో రెండో దెబ్బకు బంతి జెండాకు నాలుగడుగుల దగ్గర ఆగింది. కాసేపటి క్రితం తప్పింది అటూ ఇటుగా అంత దూరంలోనే. ఈసారి పడింది.