అదను, పదను : పొలమునకు డిజిటల్ సలహా

మన పెద్దలు సేద్యమును గూర్చి చెప్పునపుడు అదను, పదను అను రెండు మాటలు తరచు వాడుచుండిరి. విత్తుటకు తగిన కాలము అదను. విత్తనము మొలచుటకు నేలలో ఉండవలసిన తేమ పదను. ఈ రెంటిని గుర్తెరుగుటయే రైతు నేర్పు. నేడు ‘నిర్ణయ సహాయక సాధనములు’ అని పిలువబడు డిజిటల్ ఏర్పాట్లు చేయబూనుచున్న పనియు ఇదియే. ఇవి ఎట్లు పనిచేయునో, మన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో ఎవరికి ఉపకరించునో విచారింతము.

ఇట్టి సాధనమునకు మూడు అంగములుండును. మొదటిది పొలమునుండి వచ్చు సమాచారము: కురిసిన వాన, నేల స్వభావము, పైరు వయస్సు, పురుగుల లెక్క. రెండవది శాస్త్రజ్ఞులు నిర్ణయించిన హద్దు. మూడవది ఆ రెంటిని పోల్చి సెల్‌ఫోను ద్వారా అందించు సలహా.

ఉదాహరణకు పత్తిని తీసికొందము. తేలిక నేలలలో 50 నుండి 60 మిల్లీమీటర్లు, బరువు నేలలలో 60 నుండి 75 మిల్లీమీటర్లు వాన కురిసిన పిదపనే పత్తి విత్తవలెనని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. తొలకరికే తొందరపడి విత్తినచో మొలక ఎండిపోయి, మరల విత్తనము కొనవలసివచ్చును. అట్లే గులాబీ రంగు పురుగు విషయమున, ఒక్కొక్క లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రాత్రులు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడినపుడే మందు కొట్టుట అవసరము. అంతకు తక్కువైనచో మందు ఖర్చు దండుగయే. హద్దును తెలిసికొనుట యనగా డబ్బును కాపాడుకొనుట.

ఈ కాపాడుకొనుట మన ప్రాంతమున ప్రాణముతో ముడిపడిన విషయము. 1997-98లో పొగాకు లద్దె పురుగు, ప్రతికూల వాతావరణము, అప్పులు కలిసి నాటి వరంగల్ జిల్లాలో అనేకులైన పత్తి రైతులను ఆత్మహత్యలకు గురిచేసినవి. ఏ మందు, ఎప్పుడు, ఎంత కొట్టవలెనో చెప్పుటకు పలువురికి మందుల దుకాణదారుడే దిక్కయ్యెను.

ఆ జిల్లాలోనే 2004 ఖరీఫులో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ సంస్థ ‘ఈ-సాగు’ అను ప్రయోగమును ఆరంభించినది. ఊరుగొండ, గూడెప్పాడు, ఓగ్లాపూర్ గ్రామములలోని 1,051 పత్తి పొలములు ఇందులో చేరినవి. చదువుకొన్న గ్రామవాసులు క్రమము తప్పక పొలములకు వెళ్లి పైరును ఫోటోలు తీసి పంపగా, హైదరాబాదులోని నిపుణులు వానిని పరిశీలించి, ఒక్కొక్క పొలమునకు వేరువేరుగా సలహా పంపిరి. రైతు ప్రశ్న అడుగు వరకు వేచియుండక సలహాయే రైతు కడకు వచ్చుట ఇందలి విశేషము.

తరువాత ఇట్టి యత్నములు పెరిగినవి. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలమున ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ సంస్థలు 175 మంది రైతులకు విత్తు సమయమును తెలుగు సందేశములుగా పంపగా, దిగుబడి సుమారు 30 శాతము హెచ్చినట్లు ఆ సంస్థలు ప్రకటించినవి. మహబూబాబాదునకు పొరుగున నున్న ఖమ్మం జిల్లాలో 2022లో ఆరంభమైన ‘సాగు బాగు’ 7,000 మంది మిరప రైతులకు సలహాల నందించినది. దానివలన ఎకరము దిగుబడి 21 శాతము పెరిగి, పురుగుమందుల వాడకము 9 శాతము తగ్గెనని ప్రపంచ ఆర్థిక వేదిక తెలిపినది.

అయినను సాధనమునకు పరిమితులు కలవు. 2021-22లో మహబూబాబాదు మిరప తోటలను నల్ల తామర పురుగు పాడుచేసినది. పాత సమాచారముతో తయారైన సాధనము క్రొత్త పురుగును తనంతట గుర్తింపజాలదు. తోటలో మనిషి చూచి చెప్పవలసినదే. అట్లే జిల్లా మొత్తమునకు ఒకే సలహా పనికిరాదు. జనగామ ఎర్ర చెలకలు వానకై ఎదురుచూచు నేలలు. భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లినో 2023 జూలై 27న వాగు పొంగి ముంచివేసినది.

వీనికంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. సలహా ఎవరి ఫోనునకు పోవుచున్నది? 2018లో మొదలైన రైతుబంధు పైకము పట్టాదారులకే చేరినది, కౌలుదారునకు అందలేదు. సలహా పొందువారి జాబితాయు పట్టాను బట్టియే తయారైనచో, పొలములో నిలిచి దున్నువాడు దాని వెలుపలనే మిగిలిపోవును. చదువురాని స్త్రీకి, అడవి పల్లెలో సిగ్నలు అందని గిరిజనునకు అక్షరముల సందేశము నిష్ప్రయోజనము.

2020 అక్టోబరు 31న జనగామ జిల్లా కొడకండ్లలో రాష్ట్రపు తొలి రైతు వేదిక ప్రారంభమైనది. ఇట్టి వేదికలు 2,601 నిర్మింపబడినవి. 2024 మార్చిలో ఆరంభమైన ‘రైతు నేస్తం’ ద్వారా వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వీనిలో కొన్నింటి తెరలపై రైతులతో ముఖాముఖి మాట్లాడసాగిరి. ఫోను లేనివానికి ఇట్టి చోటు ఆధారము కాగలదు.

ఈ-సాగు మనకు నేర్పిన పాఠమొకటి కలదు. అందులో యంత్రము ఎంత ముఖ్యమో, పొలము గట్టున నడచిన చదువరి అంతకంటె ముఖ్యము. ‘రైతు’, ‘ఖరీఫ్’, ‘రబీ’ అను మాటలు అరబ్బీనుండి ఉర్దూ మీదుగా వచ్చి తెలుగు నేలలో వేళ్లూనినవి. ఆ రెండు భాషలును చదువుచున్న మన విద్యార్థులకు ఈ పని క్రొత్తది కాదు. సెలవులలో ఇంటికి పోయినపుడు బుట్టలోని పురుగులను లెక్కించి వ్రాసిపెట్టుట, వచ్చిన సందేశమును పొరుగు కౌలుదారునకు అతని భాషలో చదివి వినిపించుట, ‘ఇప్పుడు మందు అక్కరలేదు’ అను సలహాకు కారణము విడమరచి చెప్పుట మన వలన కాగలవు. తుది నిర్ణయము మాత్రము రైతుదే. నష్టము వచ్చినచో భరించువాడు అతడే కదా.