పుస్తకం పూర్తయిన రోజే పండుగ

పిల్లవాడు ప్రోగ్రెస్ రిపోర్టు తెచ్చి చేతిలో పెట్టగానే మన చూపు ముందు ఎక్కడ పడుతుంది? ర్యాంకు మీద! ఆ తరువాత "పక్కింటి అబ్బాయికి ఎన్ని మార్కులొచ్చాయిరా?" అని అడుగుతాం. ఈ ఏడాది వాడు కొత్తగా ఏం నేర్చుకున్నాడో అడగడం మాత్రం మరిచిపోతాం. ఈ సందర్భంలో యూదుల బడుల్లో ఉన్న ఒక మంచి ఆచారం గురించి చెప్పుకుందాం.

యూదులకు మత గ్రంథాలు చదవడమంటే దైవకార్యం కిందే లెక్క. మనం అక్షరాభ్యాసం నాడు బియ్యంలో అక్షరాలు దిద్దిస్తాం కదా! పూర్వం జర్మనీలోని యూదులు పలక మీద అక్షరాలు రాసి, వాటి మీద తేనె వేసి పిల్లవాడి చేత నాకించేవారు. చదువు తియ్యనిదని ముందు నాలుకకు తెలియాలన్నమాట. ఈనాటికీ చాలా యూదు బడుల్లో చిన్నతరగతి పిల్లలు చదవడం నేర్చుకోగానే, ఎవరి ప్రార్థన పుస్తకం వాళ్ళకిచ్చి వేడుక చేస్తారు. దాన్ని 'సిద్దూర్' అంటారు. కొన్నిచోట్ల దాని అట్టను తల్లిదండ్రులే ముచ్చటగా అలంకరించి ఇస్తారు. ఇందులో ఫస్టు, సెకండు అని లేదు. పుస్తకం పిల్లలందరికీ అందుతుంది.

పెద్ద పిల్లలకు 'సియుమ్' అనే వేడుక ఉంది. అంటే ముగింపు. తాల్ముద్ అనేది యూదుల ధర్మచర్చలన్నీ ఉన్న మహాగ్రంథం. అందులో ఒక భాగం పూర్తి చేసినవాళ్ళు చివరి వాక్యాలు అందరి ముందు చదివి, అర్థం విడమరచి చెబుతారు. తరువాత 'హద్రాన్' అనే ప్రార్థన చదువుతారు. ఆ మాటకు 'మళ్ళీ వస్తాం' అని అర్థం. ఆ మాట చెప్పేది ఎవరికనుకున్నారు? ఆ పుస్తకానికే! ఆ పైన అందరికీ విందు.

బాబిలోనియాలో నాలుగో శతాబ్దంలో అబాయే అనే పండితుడుండేవాడు. ఎవరైనా కుర్ర విద్యార్థి ఒక భాగం పూర్తి చేస్తే చాలు, ఆయనే పండితులకు విందు చేసేవాడని తాల్ముద్‌లోనే ఉంది. ఇంకొకరి చదువు చూసి సంతోషించడమంటే అదీ!

మరి ఆడపిల్లల సంగతి? చాలాకాలం ఈ చదువు మగవాళ్ళకే పరిమితమైంది. ఇప్పుడు పోలండ్‌లో ఉన్న క్రాకోవ్ నగరంలో, 1917లో సారా షెనీరర్ అనే ఆవిడ పాతికమంది ఆడపిల్లలతో బడి పెట్టింది. బట్టలు కుట్టి బతికే మనిషి ఆవిడ! ఆ బడే 'బైస్ యాకోవ్' పేరుతో ఎన్నో దేశాలకు పాకింది. ఆ బడుల్లో తాల్ముద్ చెప్పకపోయినా, ఆడపిల్లకు మత విద్య అవసరమన్న మాట నిలబడింది. తాల్ముద్‌ను రోజుకొక పత్రం చొప్పున చదివే పద్ధతి 1923లో మొదలైంది. మొత్తం 2,711 పత్రాలు. పూర్తవడానికి దాదాపు ఏడున్నర ఏళ్ళు పడుతుంది. అలా పూర్తి చేసిన స్త్రీల కోసం 2020 జనవరి 5న జెరూసలేంలో జరిగిన సియుమ్‌కు మూడువేల మందికి పైగా వచ్చారు.

ఇది మన ఇంట్లోనూ చేసుకోవచ్చు. అమ్మాయి ఒక పుస్తకం పూర్తి చేసిన రోజున కాస్త పాయసం వండండి. అందులో ఏముందో అందరికీ చెప్పమనండి. మార్కులు ఎవరికి ఎన్ని వచ్చినా సరే, ఆ పూట ఆ ప్రస్తావనే వద్దు. చదివిన పుస్తకానికి 'మళ్ళీ వస్తా' అని చెప్పగలిగే పిల్లకు అంతకన్న పెద్ద ర్యాంకు ఏముంటుంది చెప్పండి!