ప్రయోగం, ప్రత్యామ్నాయం, ఉపశమనం: ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ చికిత్సల తూకం

వ్యాస సంగ్రహం

ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడినప్పుడు ప్రయోగాత్మక చికిత్సలు, ప్రత్యామ్నాయ వైద్యాలు రోగి కుటుంబం ముందు కలగాపులగంగా వచ్చి నిలుస్తాయి. ఈ రెండింటినీ ఒకే ప్రమాణంతో ఎలా తూచవచ్చో, ఆ తూకంలో తెలుగు మాటల పాత్ర ఏమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: ప్రయోగాత్మక చికిత్స, ప్రత్యామ్నాయ వైద్యం, సమ్మతి పత్రం, ఉపశమన చికిత్స, వైద్య పరిభాష.

1. ఉపోద్ఘాతం

ఎడతెగని దగ్గు, బరువు తగ్గడం, కఫంలో రక్తం పడటం క్షయకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉమ్మడి లక్షణాలు. క్షయ విస్తారంగా ఉన్న మన దేశంలో కొందరు తొలుత క్షయ మందులు వాడి, నెలలు గడిచాక అసలు వ్యాధిని తెలుసుకుంటారు. అప్పటికే అది ఇతర అవయవాలకు వ్యాపించి ఉంటే శస్త్రచికిత్సతో పూర్తిగా తొలగించే అవకాశం సాధారణంగా ఉండదు. ఆ దశలో కొత్త మందు ప్రయోగంలో చేరమని ఒకరు, చెట్టుమందు వాడమని మరొకరు, ఇక చేసేదేమీ లేదని ఇంకొకరు చెబుతారు. ఈ మూడు మాటల వెనుక ఉన్న ఆధారాలను వేరువేరుగా పరిశీలించవలసి ఉంది.

2. ‘ప్రయోగం’: రెండర్థాల మాట

తెలుగులో ‘ప్రయోగం’ అంటే వాడుక, పరీక్ష కూడా. పదప్రయోగంలో ఉన్నది మొదటి అర్థం, ప్రయోగశాలలో ఉన్నది రెండవది. మొదటి అర్థంలో విన్న రోగికి అది చికిత్సగా తోస్తుంది; రెండవ అర్థంలో విన్నవారికి భయం కలుగుతుంది. వాస్తవం దశను బట్టి మారుతుంది. తొలి దశ పరీక్ష ప్రధానంగా మోతాదును, భద్రతను తెలుసుకోవడానికి. మూడవ దశ కొత్త మందును అమలులో ఉన్న చికిత్సతో పోల్చడానికి. కాబట్టి ‘ఇది ఎన్నవ దశ?’ అన్నది రోగి అడగవలసిన మొదటి ప్రశ్న.

ప్రయోగం మేలు చేయవచ్చు, కీడూ చేయవచ్చు. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో ఫోలిక్ ఆమ్లంపై పరిశోధనకు నాయకత్వం వహించారు. ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలు రక్తక్యాన్సర్‌ను వేగవంతం చేస్తున్నట్లు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించారు. ఆ గమనికే వ్యతిరేక దిశను చూపింది. సుబ్బారావు బృందం రూపొందించిన ఫోలేట్ విరోధి అమినోప్టెరిన్‌ను ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా తగ్గిందని 1948లో ఫార్బర్ ప్రకటించారు. నేడు ఒక రకం ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో వాడే పెమెట్రెక్సెడ్ ఫోలేట్ విరోధుల వర్గానికి చెందినదే.

మందు ఎవరికి అన్నది కూడా పరీక్షలోనే తేలుతుంది. తూర్పు ఆసియాలో 1,217 మందిపై జరిగి 2009లో ప్రచురితమైన అధ్యయనం జెఫిటినిబ్‌ను కీమోథెరపీతో పోల్చింది. ఇజిఎఫ్ఆర్ జన్యుమార్పు ఉన్నవారిలో వ్యాధి ముదరడం లేదా మరణించడం అనే ముప్పు జెఫిటినిబ్‌తో సుమారు సగానికి తగ్గింది. ఆ మార్పు లేనివారిలో అదే మందుతో ముప్పు దాదాపు 2.85 రెట్లయింది. పొరుగువారికి పనిచేసిన మందు తమకూ పనిచేస్తుందన్న నమ్మకానికి ఇక్కడ తావు లేదు.

3. ‘సహజం’ అనే హామీ

ప్రత్యామ్నాయ వైద్యాన్ని సమర్థించేవారు మొక్కకూ రసాయనానికీ మధ్య గీత గీస్తారు. కాని ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో వాడే వినోరెల్బిన్‌కు మూలం బిళ్ళగన్నేరు. పాక్లిటాక్సెల్‌కు మూలం యూ చెట్టు. మొక్క నుంచి వచ్చినందుకు కాక, మోతాదు, ఫలితం, హాని నమోదైనందుకు అవి మందులయ్యాయి. మరోవైపు, సహజమైనదంతా నిరపాయం కాదు. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది పురుషులపై జరిగిన అధ్యయనంలో బీటా కెరోటిన్ మాత్రలు తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చినట్లు 1994లో తేలింది. కొన్ని మూలికలు కాలేయంలో జెఫిటినిబ్ వంటి మందులు విచ్ఛిన్నమయ్యే వేగాన్ని మార్చగలవు. అందువల్ల చెట్టుమందు వాడుతున్న సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి.

పేరు మారితే ప్రమాణమూ మారుతుందనడానికి హైదరాబాద్‌లోనే నిదర్శనముంది. మృగశిర కార్తె నాడు ఉబ్బస రోగులకు బత్తిని కుటుంబం పంపిణీ చేసే ‘చేప మందు’, శాస్త్రవాదుల అభ్యంతరాల తరువాత ‘చేప ప్రసాదం’గా వ్యవహారంలోకి వచ్చింది. మందును రుజువు అడగవచ్చు, ప్రసాదాన్ని అడగరు. క్యాన్సర్‌ను నయం చేస్తామన్న ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించింది. నోటిమాటగా సాగే ప్రచారం మాత్రం ఆగలేదు.

4. సమ్మతి పత్రం

2019 నాటి కొత్త మందులు, క్లినికల్ పరీక్షల నియమాల ప్రకారం పరీక్షకు నైతిక సంఘం అనుమతి, జాతీయ నమోదు, రోగి లిఖితపూర్వక సమ్మతి తప్పనిసరి. పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఇవ్వాలి. రోగి ఎప్పుడైనా తప్పుకోవచ్చు. సమ్మతి లాంఛనమైతే ఏమవుతుందో ఖమ్మం జిల్లా చూసింది. 2009లో అక్కడి బాలికలపై మొదలై 2010లో నిలిపివేసిన హెచ్‌పీవీ టీకా అధ్యయనంలో, పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 పత్రాలపై వసతిగృహ వార్డెన్లు సంతకం చేశారని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం పేర్కొన్నది. అక్కడ లోపం జరిగింది సమ్మతిలో. టీకా గుణం వేరే ప్రశ్న.

5. ‘చేసేదేమీ లేదు’ అన్నది నిజమా?

బోస్టన్‌లో ఇతర అవయవాలకు వ్యాపించిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు 151 మందిపై జరిగిన అధ్యయనం 2010లో వెలువడింది. సాధారణ చికిత్సతోపాటు మొదటి నుంచే ఉపశమన చికిత్స పొందినవారి మధ్యస్థ జీవితకాలం 11.6 నెలలు, మొదటి నుంచి అది లేనివారికి 8.9 నెలలు. వారి జీవన నాణ్యత కూడా మెరుగుపడింది. నొప్పి, ఆయాసం, దిగులు తగ్గించడం చికిత్సను విరమించడం కాదు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ సంస్థలో ఈ సేవ లభిస్తుంది.

6. ముగింపు

ఏ చికిత్సకైనా ప్రశ్నలు ఒక్కటే: ఎవరిలో పరీక్షించారు? దేనితో పోల్చారు? ఎంత మేలు, ఎంత హాని? ఖర్చు ఎవరిది? ఇంట్లో గడపగలిగే రోజులెన్ని పోతాయి? ఫలితాన్ని ఎవరు నమోదు చేస్తారు? ప్రయోగాత్మక చికిత్సలో వీటిలో కొన్నింటికి జవాబు ఇంకా రాలేదని పత్రమే ఒప్పుకుంటుంది. రుజువులేని ప్రత్యామ్నాయం ఈ ప్రశ్నలనే దాటవేస్తుంది. ఈ రెండింటికీ అసలు తేడా ఇదే.

ఈ ప్రశ్నలు రోగికి అర్థమయ్యే తెలుగులో ఉండటం భాషాధ్యయనం పరిధిలోని పని. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికీ తార్నాకలోని పరిశోధన సంస్థలకూ నడుమనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ తెలుగు శాఖ వంటివి సమ్మతి పత్రాల భాషను పరిశోధనాంశంగా స్వీకరించవచ్చు. అర్థంకాని పత్రంపై పడిన వేలిముద్ర సమ్మతి అనిపించుకోదు.