దారి వెంబడి కాపురము

పాశ్చాత్యదేశములలో కొందరు మోటారు బండిలోనే పొయ్యి, పడక, నీళ్లతొట్టి అమర్చుకొని నెలల తరబడి దేశము తిరుగుచుందురు. అది వారికి వేడుక. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో గొఱ్ఱెల మందల వెంట నడచు కుటుంబములకు అదియే బ్రతుకుతెరువు. వరికోతలు ముగిసినంతనే వీరు మెట్టయూళ్లనుండి కాలువక్రింది పొలములకు దిగుదురు. మంద రాత్రి యెవరి మడిలో నిలిచిన, ఆ రైతు ఎరువునకు బదులుగా ధాన్యమో రొక్కమో యిచ్చును.

ఇల్లు కదలుచున్నను ఇంటిపని ఆగదు. దిగినచోట ఆ యిల్లాలికి మొదటి పని మంచినీటి తావు కనుగొనుట, పిమ్మట వంటచెఱకు, ఎండ తగ్గకమునుపే బట్టలుతుకుట. మోయవలసినది తానే గనుక ఉప్పు, పప్పు, కారము కొలదిగానే కొనును. ఏ యూర ఏ వారము సంతయో ఆమెకు కంఠపాఠము. వీనిలో ఏది తప్పినను మఱునాడు సరిదిద్దుకొనవచ్చును. తప్పరానివి మూడు కలవు.

మొదటిది బియ్యము. రేషన్ కార్డు సొంతయూరి దుకాణమునకే కట్టువడియుండిన దినములు పోయినవి. సిరిసిల్లలో నమోదైన కార్డుతో కోరుట్లలోని చౌకధరల దుకాణమున వ్రేలిముద్ర వేసి బియ్యము తీసికొనవచ్చును. 2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రముల నడుమను ఇట్టి సదుపాయము ఆరంభమయ్యెను.

రెండవది టీకా. బిడ్డకు పుట్టగనే బి.సి.జి.; 6, 10, 14 వారములకు పెంటావాలెంట్; 9 నెలలు నిండినపిమ్మట తట్టు, రుబెల్లా టీకా వేయవలయును. ఇవి ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఉచితము. టీకాల కార్డు మూటలో భద్రముగ నున్నచో, జగిత్యాలలో మొదటిది వేయించినవారు తరువాతిది మఱియొక యూర వేయించుకొనవచ్చును. గడువు దాటినదని మానరాదు. కార్డు తీసికొనిపోయి నర్సమ్మకు చూపవలయును.

మూడవది బడి. 2009 నాటి విద్యాహక్కు చట్టము 6 నుండి 14 ఏండ్ల పిల్లలకు వర్తించును. బదిలీపత్రము రాలేదన్న కారణమున పిల్లను చేర్చుకొనకుండరాదని అది శాసించుచున్నది. అయినను నెలకొక బడి మారిన పిల్లకు చదువు నిలువదు. అవ్వతాతల కడనో వసతిగృహముననో ఉంచుట మేలు. చదువు మానిన బాలికలకు కస్తూర్బాగాంధీ బాలికా విద్యాలయములు కలవు. అచ్చట వసతి, భోజనము లభించును.

సోదరీమణులారా! ఈ సౌకర్యములు ఎన్ని యున్నను తెలిసినవారికే ఉపకరించును. ఆ యిల్లాలు నీటికై మన వాకిటికి వచ్చినపుడు మనమేమి చేయుచున్నాము? 1871లో ఆంగ్లప్రభుత్వము చేసిన చట్టమొకటి సంచారజాతులు పెక్కింటిని పుట్టుకతోనే నేరస్థులుగా నెంచెను. 1952లో దానిని రద్దుచేసిరి. చట్టము పోయినను, దారినపోవు వారినందరిని దొంగలని తలచి తలుపు మూయు అలవాటు మన యిండ్లలో ఇంకను మిగిలియున్నది.

ఇకమీదట బిందెడు నీళ్లు పోయుచు, “చెల్లె, బిడ్డకు సూది వేయించితివా? కార్డు ఉన్నదా?” అని యడుగుడు. రేషను దుకాణమెచ్చటనో, ఆశా కార్యకర్త యిల్లెదియో చూపుడు. బడియీడు పిల్ల కనబడిన, ఊరి పంతులుగారి కడకు పంపుడు. ఆమె రేపే మఱియొక యూరికి సాగిపోవచ్చును. గనుక చెప్పవలసినది నేడే చెప్పవలయును.