శీతల యంత్రాల శుభ్రత – మన శ్రద్ధ

తెనాలి బజారులో వేసవి మధ్యాహ్నం చల్లని పానీయం అందుకొన్నప్పుడు ఆ చలువ వెనుక ఉన్న యంత్రాన్ని మనం తలచుకోము. రేపల్లె ప్రాంతపు నిజాంపట్నం రేవులో దిగిన చేపలు, రొయ్యలు చెడకుండా బజారు చేరడానికి మంచు కావలెను. బాపట్లలోని మందుల దుకాణంలో ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య నిలువ ఉంచవలెను. యంత్రం మొరాయించినచో చిన్న వర్తకుని పెట్టుబడి నీటిపాలగును. రోగికి అందే మందు గుణం తప్పును.

ఒకప్పుడు మంచుగడ్డలు అమెరికా నుండి ఓడలలో వచ్చేవి. 1833లో మొదటి సరకు కలకత్తా చేరింది. మద్రాసులో ఆ మంచును దాచిన ‘ఐస్ హౌస్’ భవనం వివేకానంద ఇల్లంగా నేటికీ నిలిచి ఉన్నది. నేడు ప్రతి వీధిలోనూ చలువపెట్టె ఉన్నది. దానిని సాకే అలవాటు మాత్రం కొరవడినది.

చలువపెట్టె చలిని పుట్టించదు. లోపలి వేడిని తీసి బయట పారవేస్తుంది. లోపలి గొట్టాలలోని ద్రవం వేడిని గ్రహించి ఆవిరి అవుతుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి బయటి గొట్టాలలోకి, అనగా కండెన్సర్‌లోకి పంపుతుంది. అక్కడ వేడిని విడిచి ఆవిరి తిరిగి ద్రవమవుతుంది. కండెన్సర్‌కు దుమ్ము పట్టినచో వేడి బయటికి పోదు; కంప్రెసర్ విశ్రాంతి లేక తిరిగి తిరిగి, కరెంటు ఖర్చు పెంచి, చివరకు కాలిపోవును.

కనుక ముందుగా ప్లగ్గు తీసి, మెత్తని బ్రష్షుతో కండెన్సర్‌ను నెలకొకసారి దులపవలెను. పిండి, నూనె ఆవిరి ఉండే మిఠాయి దుకాణాలలో ఇంకా తరచుగా దులపవలెను. గోడకు, యంత్రానికి నడుమ జానెడు ఎడముండవలెను. తలుపు రబ్బరు నడుమ కాగితం పెట్టి లాగి చూడుడు. పట్టు లేక జారిపోయినచో చలి బయటికి పోతున్నట్లే. లోపలి గోడలను వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో తుడిచి, ఆరనిచ్చి, నీరు పోయే రంధ్రాన్ని శుభ్రపరచవలెను.

లోపల పేరుకొన్న మంచు కంబళి వలె చలికి అడ్డు నిలుచును. దానిని యంత్రం ఆపి కరగనీయవలెనే కాని కత్తితో పొడువరాదు. గొట్టం చిల్లుపడి గ్యాసు పోవును. నేటి కొన్ని యంత్రాలలోని గ్యాసు మండే స్వభావం కలది. ఐస్ ఫ్యాక్టరీలలోని అమ్మోనియా విషవాయువు. వాటి మరమ్మతు నేర్చినవారి పనియే. సముద్రతీరంలో ఉప్పుగాలి లోహాన్ని తినివేయును గనుక సూర్యలంక, నిజాంపట్నం వైపు వారు తుప్పును మరింత గమనించవలెను.

కరెంటు పోయినప్పుడు తలుపు తెరవరాదు. పూర్తిగా కరిగి వెచ్చబడిన చేపను మరల గడ్డకట్టించి అమ్మడం కొన్నవారికి ద్రోహం చేయడమే.

నెలకొక గంట శ్రమ ఒక కుటుంబపు జీవనాధారాన్ని కాపాడును. చదువుకొన్న మనం ఈ చిన్న పాఠాన్ని మన వీధి దుకాణదారునికి చెప్పగలిగితే, విజ్ఞానశాస్త్రం పుస్తకం దాటి బజారుకు వచ్చినట్లే.