భట్టిప్రోలు స్తూపం – కురుని తల్లిదండ్రులు

నిరుడు వేసవి సెలవులలో ఒక మిత్రుని ఇంట వివాహానికి అమృతలూరు వెళ్ళాను. తిరుగు ప్రయాణానికి ముందు, ఆ చేరువనే ఉన్న భట్టిప్రోలు బౌద్ధ స్తూపాన్ని చూచి రావాలనిపించింది. "అక్కడ ఇటుకల దిబ్బ తప్ప ఏముంది మాస్టారూ!" అన్నారు పెళ్ళివారింటి పెద్దాయన. ఆయన మాట చాలవరకు నిజమే. అయినా ఆ దిబ్బ ముందు నిలిచినప్పుడు నాకు కలిగిన చలనం ఇంతవరకు తీరలేదు. దానికి కారణమేమిటో విద్యార్థులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

స్తూపం అంటే గర్భగుడి కల దేవాలయం కాదు. అది లోపల ఖాళీ లేని అండాకార నిర్మాణం. దర్గాలో మనం లోనికి ప్రవేశించి సమాధి చెంత నిలుస్తాము. స్తూపంలోనికి ప్రవేశం లేదు. చుట్టూ ప్రదక్షిణ చేయవలసిందే. పూజ్యుల ధాతువులను గర్భంలో భద్రపరచి పైన ఇటుకలతో కట్టివేస్తారు.

1892లో అలెగ్జాండర్ రే అనే పురాతత్త్వ శాస్త్రజ్ఞుడు ఇక్కడ త్రవ్వించగా శాసనాలు చెక్కిన మూడు రాతి భరిణలు బయటపడ్డాయి. వాటితోపాటు స్ఫటిక పాత్రలు, ముత్యాలు, పూసలు, బంగారు పూలు, ధాతువులు లభించాయి. శాసనాల భాష ప్రాకృతం. వాటిలో కుబిరకుడనే రాజు పేరు కూడ ఉన్నది. ఇవి క్రీస్తుకు పూర్వం రెండు మూడు శతాబ్దుల నాటివని పండితుల అభిప్రాయం.

ఆ లిపిలో ఒక విశేషమున్నది. సాధారణమైన బ్రాహ్మీలిపిలో హల్లు వ్రాస్తే చాలు, 'అ'కారం అందులోనే ఇమిడి ఉంటుంది. భట్టిప్రోలు రాతి భరిణలపై ఆ 'అ'కారానికి వేరుగా గుర్తు పెట్టారు. ఉర్దూలో 'జబర్' వ్రాయకుండా విడిచిపెడితే పాఠకుడే దానిని ఊహించుకొని చదువుకొంటాడు. భట్టిప్రోలు లేఖకుడు ఆ భారాన్ని పాఠకునికి విడువలేదు.

ఇక నన్ను కదిలించిన సంగతి. మొదటి భరిణపై దాతల ప్రస్తావన ఉన్నది: కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు. బుద్ధధాతువులను నిక్షేపించడానికి వారు ఆ భరిణను, స్ఫటిక సముద్గకాన్ని చేయించారు. తల్లిదండ్రుల సొంత పేర్లు అక్కడ లేవు. కుమారుని పేరే వారి పేరు. అరబ్బులలో 'అబూ', 'ఉమ్మ్' అని బిడ్డ పేరుతో పెద్దలను వ్యవహరించే ఆచారం ఇటువంటిదే. నా తల్లిని ఇరుగుపొరుగువారు ఈనాటికీ నా పేరుతోనే పిలుస్తారు. రెండువేల ఏండ్ల క్రిందటి ఆ బౌద్ధ గృహిణి ఒక్క క్షణంలో నాకు మా వీధిలోని తల్లిగా తోచింది. మతం వేరు, భాష వేరు, మమత ఒక్కటే.

కాని ఆ స్తూపం మనకు సమగ్రంగా దక్కలేదు. పందొమ్మిదో శతాబ్దంలో దాని ఇటుకలను రోడ్డుకు, పాలరాతి పలకలను కాలువ తూముకు వాడుకొన్నారు. ఎవరికీ బుద్ధునిపై ద్వేషం లేదు. రాయి అవసరమైంది, దగ్గరలో దొరికింది, అంతే. ద్వేషం కన్న అజ్ఞానమే ఎక్కువ కట్టడాలను పడగొట్టిందేమో! ఇక్కడి ధాతువును 1920లో కలకత్తాలోని ధర్మరాజిక చైత్య విహారంలో ప్రతిష్ఠించారు. ఊరికి మిగిలినది ఈ దిబ్బ.

"మీకు బౌద్ధస్తూపంతో ఏమి పని?" అని తరువాత ఒకరు నన్ను అడిగారు. ఈ నేలమీద పుట్టినవానికి ఈ నేలమీది ప్రతి అక్షరంతోను పని ఉన్నదని చెప్పాను.

విద్యార్థి మిత్రులారా! మీ ఊరి పాత మసీదు గోడలోనో, దర్గా గడపమీదనో, కోవెల స్తంభంమీదనో సున్నపు పూత క్రింద ఒక శాసనం ఉండవచ్చు. ఈ సెలవులలో దానిని వెదకండి. చదువరాకపోతే చదువగలవారికి చూపండి. ఎవరో ఒక తల్లి తన బిడ్డ పేరుతో అక్కడ మనకోసం వేచి ఉండవచ్చు.